సెట్ పెట్టె: ఎనిమిదో తరగతి ప్రాజెక్టు డైరీ

జూన్ 24

ఈ ప్రాజెక్టు ఒక తప్పు వాక్యం దగ్గర మొదలైంది. పోయిన ఏడాది చివరి పరీక్షలో "ఈ చొక్కా నాకు బాగా కుదిరింది" అన్న వాక్యాన్ని ఇంగ్లిష్‌లో రాయమని ఇచ్చాను. 34 మందిలో 19 మంది "దిస్ షర్ట్ ఈజ్ సెట్ టు మి" అని రాశారు. పంతొమ్మిది చోట్లా ఎర్ర పెన్నుతో కొట్టేశాను. కానీ వేసవి సెలవులంతా ఆ వాక్యం నన్ను వదల్లేదు. పిల్లలు ఊహించి రాసింది కాదది. వాళ్ళ ఇంట్లో రోజూ వినేది అదే. చొక్కా సెట్ అయింది, సంబంధం సెట్ అయింది, వాడికి హైదరాబాదులో పని సెట్ చేశారు. ఆ మాట ఇంగ్లిష్‌దే అని వాళ్ళకు తెలుసు, అందుకే ఇంగ్లిష్ వాక్యంలో వాడారు. తప్పు ఎక్కడుందో చెప్పకుండా కొట్టేయడం సరైన పని కాదనిపించింది.

అందుకే ఈ ఏడాది ఎనిమిదో తరగతితో ఒక్క మాట పట్టుకుని మూడు నెలలు పని చేయాలని నిర్ణయించుకున్నాను. మాట సెట్. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 1989 నాటి రెండో కూర్పులో అన్నిటికంటే పొడవైన పద్దు దీనిదే. ఒక్క క్రియకే 430 అర్థాలు, వివరణ మొత్తం 60,000 మాటలు. తర్వాతి సవరణల్లో రన్ అనే మాట 645 అర్థాలతో దాన్ని దాటేసింది. అయినా మా ఊరివాళ్ళ నోట్లో రన్ కంటే సెట్టే ఎక్కువ తిరుగుతుంది కాబట్టి దీన్నే ఎంచుకున్నాను.

ఆ డిక్షనరీని ఎలా తయారు చేశారో పిల్లలకు చెప్పాను. ఎక్కడెక్కడి పాఠకులో పుస్తకాల్లోంచి వాక్యాలు ఏరి, ఒక్కో వాక్యాన్ని ఒక్కో చీటీ మీద రాసి పంపేవారు. సంపాదకుడు జేమ్స్ మర్రే తన తోటలో ఇనుప రేకుల గది వేయించుకుని, గోడలకు 1,029 గళ్ళ అరలు పెట్టించి, ఆ చీటీలను వాటిలో సర్దించేవాడు. 1884లో మొదటి భాగం అచ్చయింది. పని పూర్తయ్యేసరికి 1928 వచ్చింది. మర్రే 1915లోనే చనిపోయాడు. "అయితే ఆయన పుస్తకం మొత్తం చూడలేదా మేడమ్?" అని ఒక పిల్లవాడు అడిగాడు. లేదన్నాను. క్లాసు కాసేపు నిశ్శబ్దం అయిపోయింది.

మనమూ చీటీలు రాద్దాం, మనమూ గళ్ళ పెట్టె చేయిద్దాం అన్నాను.

జూన్ 27

చీటీల లెక్క. మామూలు చార్టు 28 అంగుళాల పొడవు, 22 అంగుళాల వెడల్పు. మూడున్నర, అయిదున్నర కొలతతో కోస్తే ఒక్క చార్టుకు సరిగ్గా 32 చీటీలు వస్తాయి, ముక్క కూడా వృథా కాదు. ఆరు చార్టులు తెచ్చాను. స్కేలు పెట్టి గీసే పని అమ్మాయిలు, కోసే పని అబ్బాయిలు మొదలుపెట్టారు. అరగంటకల్లా కత్తెరలు చేతులు మారిపోయాయి.

చీటీ మీద నాలుగు సంగతులు ఉండాలి: విన్న లేదా చూసిన వాక్యం, ఎక్కడ దొరికింది, అదే సంగతిని ఇంట్లో తెలుగులో ఎలా అంటారు, రాసినవారి పేరు. మూడోది తప్పనిసరి. నిఘంటువులోంచి ఎక్కించిన అర్థం చెల్లదు, అమ్మనో నాన్ననో అడిగి రాయాలి.

జూలై 5

వారంలో 61 చీటీలు. సగానికి సగం ఫోన్లలోంచి వచ్చినవే: అలారం సెట్ చేయడం, వాల్‌పేపర్ సెట్ చేయడం, సెట్టింగ్స్. ఇవన్నీ ఒకే అర్థం, పక్కన పెట్టాం. టీవీ సెట్టు, సెట్ దోసె, స్టీలు డబ్బాల సెట్టు, పరీక్షలో ప్రశ్నపత్రం సెట్ ఏ, సెట్ బీ. లెక్కల మాస్టారు సమితి అని ఒక చీటీ తనంతట తానే రాసిచ్చారు.

మంచి చీటీలు తర్వాత మొదలయ్యాయి. మాది అనకాపల్లి వైపు ఊరు, చుట్టూ చెరకు. ఒక రైతు కొడుకు వ్యవసాయశాఖ కరపత్రం తెచ్చాడు. అందులో చెరకు ముచ్చెలకు ఇంగ్లిష్‌లో సెట్స్ అని ఉంది, చివర టీ అక్షరం రెండుసార్లు. "మూడు కళ్ళ ముచ్చె అంటే త్రీ బడెడ్ సెట్ అట మేడమ్, అచ్చు తప్పా?" అన్నాడు. తప్పు కాదు. నేలలో పెట్టడానికి కోసిన ముక్క కాబట్టి సెట్, పాత స్పెల్లింగు అలాగే మిగిలిపోయింది. నాకూ ఈ వాడుక పిల్లవాడి చేతిలోనే మొదటిసారి కనబడింది. దాన్ని గోడకు అంటించాం.

జూలై 11

పెట్టె కోసం ఊళ్ళో వడ్రంగి దగ్గరికి వెళ్ళాను. ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్, అడ్డంగా నాలుగు, నిలువుగా ఆరు, మొత్తం 24 గళ్ళు. ఒక్కో గడి ఆరంగుళాల వెడల్పు, రెండంగుళాల ఎత్తు, నాలుగంగుళాల లోతు. చీటీ పడుకోబెడితే హాయిగా పడుతుంది, వేలు పెట్టి తీయడానికీ చోటు ఉంటుంది. అడ్డ పలకల్లోనూ నిలువు పలకల్లోనూ సగం దాకా గాడి కొట్టి ఒకదాన్లో ఒకటి దింపేస్తానన్నాడు, మేకులు అక్కర్లేదట.

జూలై 19

పెట్టె ఇంకా రాలేదు. వర్షం. షెడ్డు దగ్గరికి వెళితే వడ్రంగి బెంగగా చూపించాడు. చట్రం నాలుగు మూలలా క్లాంపులు బిగించి ఉన్నాయి, అంచుల్లోంచి జిగురు తెల్లగా బయటికి వచ్చి అలాగే మెత్తగా ఉంది. "ముసురు పట్టింది మేడంగారూ, జిగురు పట్టడం లేదు" అన్నాడు.

నేను అక్కడే నిలబడిపోయాను. ఇంగ్లిష్‌లో ఈ వాక్యం చెప్పాలంటే రెండు చోట్లా సెట్ వస్తుంది. వానలు పట్టుకోవడానికి సెట్ ఇన్. ఏటా జూన్ 1 ప్రాంతంలో కేరళకు రుతుపవనాలు వచ్చినప్పుడు ఇంగ్లిష్ పేపర్లు రాసేది ఆ మాటే. జిగురు పట్టడానికి సెట్. తెలుగులోనూ రెండు చోట్లా పట్టు. ఒక పనివాడు గాలి చూసి చెప్పిన మాటలో రెండు భాషలూ ఒకే మలుపు తిరిగాయి. జేబులో ఖాళీ చీటీ లేదు, బస్సు టికెట్టు వెనక రాసుకున్నాను. మర్నాడు పిల్లలకు చదివి వినిపిస్తే, ఇంకా ఏమేం పడతాయో చెప్పమని అడగకుండానే మొదలుపెట్టారు: దుమ్ము పట్టడం, నాచు పట్టడం, చెమట పట్టడం. వీటికి సెట్ రాదు. ఎక్కడ కలిసిందో, ఎక్కడ విడిపోయిందో రెండూ రాయించాను.

జూలై 26

పెట్టె వచ్చింది. బాగుంది. గళ్ళకు పేర్లు అంటించి చీటీలు సర్దాం.

మొదటి సర్దుబాటు వ్యాకరణం ప్రకారం: నామవాచకం, క్రియ, విశేషణం, ఆ తర్వాత సెట్ ఆఫ్, సెట్ అప్, సెట్ ఎసైడ్ లాంటి జంటలు. చూడ్డానికి శుభ్రంగా ఉంది. కానీ పిల్లలు గడిలోంచి చీటీ తీయడం, చదవడం, బట్టీ పట్టడం మొదలుపెట్టారు. మూడో బెంచీలో ఇద్దరు "సెట్ ఆఫ్ అంటే బయలుదేరు, సెట్ అప్ అంటే ఏర్పాటుచేయు" అని ఎక్కాల్లా వల్లిస్తున్నారు. నేను కోరుకున్నది ఇది కాదు. 24 గళ్ళూ నిండినా పెట్టె పనిచేయడం లేదు.

జూలై 30

ఇంకో దెబ్బ. గడి పేర్లను మైదా బంకతో అంటించాం. రాత్రికి రాత్రి బొద్దింకలు అంచులన్నీ కొరికేశాయి, తొమ్మిది చీటీల మూలలు కూడా పోయాయి. పిల్లలు బాధపడ్డారు. మర్రేకి ముందు పనిచేసినవాళ్ళ దగ్గర్నుంచి గోనెసంచుల్లో వచ్చిన చీటీల్లో ఒకదానిలో చచ్చిన ఎలుక, ఇంకోదానిలో పిల్లలతో సహా బతికున్న ఎలుక దొరికాయని చెబితే కొంచెం తేరుకున్నారు.

బైండింగు షాపుల్లో పూర్వం నుంచీ మైదా బంకలో కాస్త మైలుతుత్తం కలుపుతారు, పురుగు ముట్టదు. అది విషం కాబట్టి బంక ఇంట్లో నేనే చేతి తొడుగులు వేసుకుని కాచాను. పేర్లన్నీ నేనే అంటించాను, ఆరాకే పిల్లల ముందు పెట్టాను. ఎలాగూ పేర్లు మార్చాల్సిందే కదా.

ఆగస్టు 3

ఈ రోజు జరిగింది వివరంగా రాసుకోవాలి.

మాటలాడని అమ్మాయి ఒకరు ఉంది, కిటికీ పక్క చివరి బెంచీ. ఇప్పటిదాకా రెండే చీటీలు ఇచ్చింది. ఇవాళ నా బల్ల దగ్గరకు వచ్చి "మేడమ్, మా మామ్మ పెట్టను పొదగేసింది. దాన్నేమంటారు?" అని అడిగింది. గంపలో వరిగడ్డి వేసి, పదకొండు గుడ్లు పెట్టి, కోడిపెట్టను దాని మీద కూర్చోబెట్టిందట, నిన్న సాయంత్రం. పెట్ట లేవకుండా మీద ఇంకో గంప బోర్లించిందట.

ఇంగ్లిష్‌లో అది సెట్ ఎ హెన్. బోర్డు మీద రాశాను. వెంటనే ఆ అమ్మాయి, "కూకున్నది పెట్ట కదా, సిట్ కావాలి కదా?" అంది.

అక్కడ తలుపు తెరుచుకుంది. పెట్ట కూకుంది, అది సిట్. మామ్మ కూకోబెట్టింది, అది సెట్. పాత ఇంగ్లిష్‌లో సెట్టన్ అనే క్రియ సరిగ్గా ఇలాగే పుట్టింది, సిట్టన్ అనే క్రియకు ప్రేరణార్థకంగా. మనం కూర్చొను నుంచి కూర్చోబెట్టు చేసినట్టు. సీటు, సెటిల్, గుర్రం మీది శాడిల్ అన్నీ ఆ చుట్టాలే. తెలుగు వ్యాకరణంలో ప్రేరణార్థకం ఏడో తరగతిలో చదివినదే. తినుకు తినిపించు, కూర్చొనుకు కూర్చోబెట్టు. ఇంగ్లిష్ క్రియ ఆయువుపట్టు వాళ్ళ తెలుగు పాఠంలోనే ఉంది.

ఇంతలో కంసాలివారి అబ్బాయి లేచాడు. "మా నాన్న ఉంగరంలో రాళ్ళు పొదుగుతాడు మేడమ్. అదీ పొదగడమే కదా, దానికీ సెట్టేనా?" అవును, దానికీ సెట్టే. స్టోన్ సెట్టింగ్ అని వాళ్ళ నాన్న కొట్టు బోర్డు మీదే రాసి ఉందట, ఇన్నాళ్ళూ ఎవరికీ చీటీ రాయాలని తోచలేదు. గుడ్ల మీద పెట్టను కూర్చోబెట్టినా, బంగారంలో రాయిని కూర్చోబెట్టినా ఇంగ్లిష్‌కు ఒకటే మాట. తెలుగుకూ ఒకటే మాట, పొదగడం. పదహారేళ్ళుగా ఇంగ్లిష్ చెబుతున్నాను, రోజూ తెలుగులో మాట్లాడుతున్నాను, ఈ రెండూ పక్కపక్కన నాకెప్పుడూ కనబడలేదు.

సాయంత్రం వాళ్ళ కొట్టుకు వెళ్ళి చూశాను. ఆయన గూడు లాంటి గుంటలో రాయిని దించి, చుట్టూ ఉన్న సన్నటి బంగారు అంచును పనిముట్టుతో రాయి మీదికి కొద్దికొద్దిగా వంచుతూ తిప్పుతున్నాడు. చివర్లో సూదితో రాయిని కదిపి చూశాడు. కదల్లేదు. అప్పుడు గానీ పక్కన పెట్టలేదు.

ఆగస్టు 7

పెట్టె మొత్తం ఖాళీ చేసి మళ్ళీ సర్దాం. ఈసారి గడి పేర్లు తెలుగు క్రియలు. ప్రతి చీటీకి ఒకటే ప్రశ్న: ఏది, ఎక్కడ కూర్చుంది, ఎవరు కూర్చోబెట్టారు?

పెట్టు అన్న గడే అన్నిటికంటే నిండింది. అలారం పెట్టడం, నిప్పు పెట్టడం, బోను పెట్టడం, ధర పెట్టడం. కూర్చు అని ఒక గడి, అచ్చు అక్షరాలు కూర్చడానికి. పొదుగు గడిలో పెట్ట, ఉంగరం. పట్టు గడిలో వడ్రంగి వాక్యం.

కబడ్డీలో చేయి విరిగిన అబ్బాయి కట్టుతోనే బడికి వచ్చాడు. డాక్టరుగారు "బోన్ సెట్ చేశాం, ఆరు వారాల్లో సెట్ అవుతుంది" అన్నారట. ఇక్కడ రెండు సెట్లూ ఒకటి కాదు. మొదటిది ఎముకను సరిచేసి చోట్లో కూర్చోబెట్టడం. రెండోది ఎముక తనంతట తాను అతుక్కోవడం. పుత్తూరు కట్టు కట్టేవాళ్ళు చేసేది మొదటిది, రెండోది శరీరం చేసుకునేది. రెండు చీటీలు, రెండు గళ్ళు.

ఆగస్టు 12

ఈ వారం అంతా ఒకే గడి చుట్టూ తిరిగాం. ద్రవంగా ఉన్నది కదలకుండా అయిపోతే ఇంగ్లిష్‌లో అన్నిటికీ సెట్. పిల్లలు ఇంటింటా అడిగి తెచ్చిన తెలుగు మాటలు చూడండి. పెరుగు తోడుకుంటుంది. బెల్లం దిమ్మ కడుతుంది. నెయ్యి పేరుకుంటుంది. సిమెంటు బిగుస్తుంది. పదార్థం మారితే క్రియ మారిపోతోంది. పెరుగు బిగిసిందంటే మా క్లాసంతా నవ్వింది.

బెల్లం గురించి ఇద్దరు పోటీపడి చెప్పారు. పెనంలో రసం మరిగి మరిగి పాకానికి వచ్చాక, కాస్త తీసి నీళ్ళలో వేస్తే ఉండ కట్టాలి. ఆ ఘడియ దాటితే మాడుతుంది, ముందే దించితే దిమ్మ కట్టదు.

ఇంకొకరి నాన్న తాపీ మేస్త్రీ. కలిపిన సిమెంటు అరగంటలో వాడేయాలి, ఆ తర్వాత నీళ్ళు పోసి మళ్ళీ కలపకూడదు అని చెప్పాడట. మన దేశ ప్రమాణాల్లోనూ మామూలు సిమెంటు బిగుసుకోవడం 30 నిమిషాలలోపు మొదలవకూడదు, 600 నిమిషాలు దాటకుండా పూర్తవాలి. బిగుసుకోవడం వేరు, బలం రావడం వేరు. బలం కోసమే స్లాబుకు రోజుల తరబడి నీళ్ళు కడతారు. ఇంగ్లిష్‌లో మొదటిది సెటింగ్, రెండోది హార్డెనింగ్. మేస్త్రీకి ఈ తేడా చేతిలోనే ఉంది.

ఆగస్టు 17

ఒక చీటీని గడి మార్చాల్సి వచ్చింది. సూర్యుడు సెట్ అవడం. మా వైపు పొద్దుగూకింది అంటారు, కూర్చోమనడానికి కూకో అంటారు. "పొద్దు కూకుంది అంటే కూర్చున్నట్టే కదా మేడమ్, సెట్‌తో సరిపోయింది" అన్నారు పిల్లలు. నాకూ ఎంత సంతోషమేసిందో. కానీ పాత తెలుగులో అది పొద్దు క్రుంకు. క్రుంకు అంటే మునగడం. గూకు, కుంకు అన్నీ దాని రూపాలే. నదిలో మునిగినవాడికీ అదే క్రియ. పొద్దు మన దగ్గర కూర్చోలేదు, మునిగింది. చీటీ మునుగు అనే కొత్త గడిలోకి వెళ్ళింది. నచ్చిన పోలిక చేజారినప్పుడు పిల్లల ముఖాల్లో వచ్చిన నిరాశ చూశాను, అయినా మార్చడానికి వాళ్ళే లేచి వచ్చారు.

ఆగస్టు 20

డబ్బాల సెట్టు, సెట్ దోసె, సమితి, ప్రశ్నపత్రం సెట్ ఏ, ఇవి ఎంత తిప్పినా కూర్చోబెట్టడంలోకి రావు. రాకపోవడానికి కారణం ఉంది. గుంపు అనే అర్థంలో ఉన్న సెట్‌కు మూలం వేరు. పాత ఫ్రెంచి సెట్ నుంచి, దానికి ముందు లాటిన్ సెక్టా నుంచి వచ్చింది, ఒక గురువు వెంట నడిచే బృందం అని అర్థం. సెక్ట్ అనే ఇంగ్లిష్ మాటకు తోడబుట్టినది. రూపం కలిసిపోవడంతో రెండు మాటలూ ఒకే పద్దు అన్నట్టు కనబడతాయి. వీటికి ఆకుపచ్చ చీటీలు కోసి మళ్ళీ రాయించాం, అట్టడుగు వరుసలో నాలుగు గళ్ళు ఇచ్చాం. ప్లేటుకు రెండో మూడో కలిపి ఇస్తారు కాబట్టి సెట్ దోసె అని చెబితే, ఇన్నాళ్ళూ అది దోసె పేరే అనుకున్నామన్నారు.

ఆగస్టు 22

చివరికి ఆ 19 మంది వాక్యం. ఇప్పుడు తొమ్మిదో తరగతికి వెళ్ళిపోయారు, మధ్యాహ్నం భోజనాల తర్వాత పిలిచాను. పై వరుసలో ఒక గడికి మన సెట్ అని పేరు పెట్టి చూపించాను. చొక్కా సెట్ అయింది, వాళ్ళిద్దరికీ సెట్ కాలేదు, పని సెట్ చేశాడు. ఇవి తెలుగువాళ్ళు ఆ మాటను తెచ్చుకుని తమకు కావలసినట్టు పెంచుకున్న అర్థాలు. మన మధ్య పూర్తిగా సరైనవే. ఇంగ్లిష్ చదివేవాడికి మాత్రం ఆ గడి తెలియదు. అతనితో చొక్కా కొలత సరిపోతే ఫిట్ అనాలి, అందంగా ఉంటే సూట్ అనాలి. మనం ఒకే సెట్‌లో వేసినదాన్ని వాళ్ళు రెండుగా విడదీశారు. ఒక అబ్బాయి, "అంటే మేం తప్పు రాయలేదు, తప్పు చోట రాశాం" అన్నాడు. అవునన్నాను. కొట్టేసిన రోజే ఇది చెప్పాల్సింది అని కూడా వాళ్ళతో అన్నాను.

ఆగస్టు 24

ఇప్పటికి 187 చీటీలు. ఒకేలాంటివి తీసేస్తే 112, అర్థాలు 41. హెచ్చెమ్‌గారు పెట్టెను లైబ్రరీ గదిలో కిటికీకి దూరంగా పెట్టించారు. తడి గోడ కాకుండా లోపలి గోడ చూసి పెట్టాం. ఆక్స్‌ఫర్డ్‌లో మర్రే రేకుల గదిని పక్కింటివాళ్ళ కిటికీకి అడ్డు రాకుండా నేలలోకి కొంత దించి కట్టాల్సి వచ్చింది, ఎప్పుడూ చెమ్మేనట. ఆయనకు తప్పలేదు, మాకు వేరే గోడ ఉంది.

చేయాల్సినవి: రెండు గళ్ళ పేర్లు వంకరగా ఉన్నాయి, మళ్ళీ అంటించాలి. ఖాళీ చీటీలు ఇంకో 32 కోయాలి. తర్వాతి పెట్టెకు పిల్లలు మాట ఎంచుకున్నారు, పెట్టు. బొట్టు పెట్టు, పేరు పెట్టు, కేసు పెట్టు, ముద్దు పెట్టు, కళ్ళజోడు పెట్టు, భయపెట్టు. ఈసారి ఇంగ్లిష్‌లో ఏమవుతుందో ఒక్కోదానికీ వెతకాలి. గుడ్డు పెట్టడం అప్పుడే ఎవరో రాసేశారు, లే అని.

ఆగస్టు 25

పొద్దున్న ప్రార్థన కాకముందే కిటికీ పక్క అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. కోడిగుడ్డుకు 21 రోజులని నేను చెప్పిన లెక్క పెట్టుకుని మూడు రోజులుగా గంప దగ్గరే పడుకుందట. పదకొండు గుడ్లలో తొమ్మిది పగిలాయి. రెండు మురిగిపోయాయి. చేతిలో చీటీ ముందే రాసి ఉంది, మూలలో చిన్న పసుపు ఈక అంటించి. ఇంకా పేరు లేని గడి ఒకటి ఉంటే, అందులో తనే పెట్టింది.